చిక్కు తీసే చేతులతో ఆకాశంలోకి

శుక్రవారం తెల్లవారుజామున నాలుగున్నరకి నరసన్నపేటలో మా ఇంటి తలుపు చప్పుడు కాకుండా దగ్గరకు వేశాను. దొంగలా ఎందుకంటే, మా ఆయనకు తప్ప అత్తవారింట్లో ఎవరికీ అసలు సంగతి తెలియదు. విజయనగరం దగ్గర మూడు రోజుల శిక్షణ అని చెప్పాను. నేను బడిలో పీఈటీని కాబట్టి ఎవరూ మారు మాట అడగలేదు. శిక్షణ అన్నది నిజమే. విమానంలోంచి దూకడం అన్న ముక్క ఒక్కటే మింగేశాను.

ఈ ప్రయాణం నిజానికి ఇరవై రెండేళ్లు ఆలస్యంగా మొదలైంది. శ్రీకాకుళంలో డిగ్రీ చదివే రోజుల్లో ఎన్‌సీసీలో పారాచూట్ శిక్షణకు నన్ను ఎంపిక చేశారు. ఇంటి పెద్ద సంతకం కావాలన్నారు. మా నాన్న నా చిన్నప్పుడే పోయాడు. భావనపాడులో నన్ను పెంచింది మా అమ్మ తండ్రి. సముద్రం మీద పడవకు ఆయనే పెద్ద, ఇంటికీ ఆయనే. కాగితం తీసుకుని ఇసుకలో కూర్చుని చాలాసేపు తిరగేశాడు. "సముద్రం సాలదేటే నీకు?" అని మడిచి నా చేతిలో పెట్టేశాడు. సంతకం లేదు. ఆయన మాట అంటే మాటే. తాత పోయి పదేళ్లయింది, కానీ ఆ కాగితం మడత ఇప్పటికీ నా కళ్లకు కనిపిస్తుంది. మొన్న ఒక సంస్థ విజయనగరం అవతల పాత రన్‌వే మీద శిబిరం పెడుతోందని తెలియగానే పేరు ఇచ్చేశాను. దానికి ఎంత కట్టానో మా ఇంట్లో చెప్పలేదు, మీకూ చెప్పను.

ఎవరైనా వెళ్దామనుకుంటే దారి రాస్తున్నాను. నరసన్నపేట వాళ్లు తిలారులో రైలు ఎక్కొచ్చు గానీ అక్కడ ఆగే బళ్లు తక్కువ. బస్సులో శ్రీకాకుళం వెళ్లి, అక్కడి నుంచి ఆమదాలవలస చేరితే ఏదో ఒక బండి దొరుకుతుంది. కండక్టరు ఆధార్ కార్డు చూసి ఆడవాళ్లకిచ్చే సున్నా టికెట్టు చింపి ఇచ్చాడు. ఆరుంబావుకి ఆమదాలవలస స్టేషన్లో ఉన్నాను. ప్లాట్‌ఫారం మీద టీ తాగుతుంటే నా కాళ్లు నా మాట వినకుండా వణకడం మొదలుపెట్టాయి. చలి అని సర్దిచెప్పుకున్నాను. ఫిబ్రవరి నెల కదా, ఆ మాట కాస్త నమ్మేలాగే ఉంది.

పాసింజరు అరగంట ఆలస్యంగా వచ్చింది. పొందూరులో నూలు మూటతో ఒక పెద్దావిడ ఎక్కి నా పక్కన ఇరుక్కుని కూర్చుంది.

"ఏ ఊరమ్మా? దేనికెల్తన్నావు?" అంది.

మా ఆయనకు తప్ప ఎవరికీ చెప్పని సంగతి ఆవిడకు చెప్పేయాలనిపించింది. మళ్లీ కనిపించదు కదా. "విమానంలోంచి దూకడానికి వెళ్తున్నానమ్మా" అన్నాను.

ఆవిడ నన్ను పై నుంచి కింది దాకా చూసింది. "మరి మీ ఆయన ఏటన్నాడు?"

"టికెట్టు ఆయనే తీశాడు."

"అయితే నిన్ను ఒదిలించుకోవాలని సూస్తన్నాడు కావాల" అని తన మాటకు తనే పడి పడి నవ్వింది. చీపురుపల్లి దాకా నవ్వుతూనే ఉంది. దిగేముందు మాత్రం నా తల మీద చెయ్యి పెట్టి, "బేగి ఇంటికి ఎల్లిపో తల్లీ" అంది.

ఎనిమిదిన్నర దాటాక విజయనగరం. స్టేషన్ బయట ఇడ్లీ తిని, గజపతినగరం దారిలో షేర్ ఆటో పట్టుకుని, తర్వాత ఇంకో ఆటో మారి పదిన్నరకి శిబిరం చేరాను. ఎప్పుడో వేసి వదిలేసిన రన్‌వే అది. పగుళ్లలో మొలిచిన గడ్డి చెక్కి కాస్త బాగు చేశారు. ఒక మూల చిన్న విమానం, దాని పక్కన రేకుల షెడ్డు. చుట్టూ మినప చేలు, దూరంగా జీడితోటలు. నాతో పాటు దూకడానికి వచ్చినవాళ్లు చాలామంది విశాఖ నుంచి వచ్చిన కుర్ర ఉద్యోగులు. నన్ను చూసి ఒకతను ఎవరి అమ్మగారో అనుకుని కుర్చీ వేశాడు. కూర్చున్నాను. ఉచితంగా వచ్చిన కుర్చీ ఎందుకు వదలాలి?

మాకు నేర్పే రాజారావు మాస్టారు పార్వతీపురం వైపు మనిషి. సైన్యంలో పనిచేసి వచ్చాడు. మొదటి రోజంతా నేల మీదే. దూకగానే విమానానికి కట్టిన తాడే గొడుగును లాగి తెరుస్తుంది. తల ఎత్తి మూడు సంగతులు చూసుకోవాలి. గొడుగు తెరుచుకుందా? చదరంగా ఉందా? భుజాల మీద వేలాడే రెండు తాళ్లతో తిప్పితే తిరుగుతోందా? మూడూ సరిగ్గా ఉంటే హాయిగా దిగడమే. లేకపోతే సరిచేసుకోవడానికి రెండున్నర వేల అడుగుల ఎత్తు దాకా సమయం ఉంటుంది. ఎడమ మణికట్టు మీద గడియారంలాంటిది ఆ ఎత్తు చూపిస్తుంది. ఆ లోపల సర్దుకోకపోతే కుడి రొమ్ము దగ్గరున్న ఎర్ర పిడి లాగాలి, గొడుగు తెగి పోతుంది. వెంటనే ఎడమ వైపున్న వెండి రంగు పిడి లాగాలి, రెండో గొడుగు వస్తుంది.

వినడానికి ఇంతే. ఇందులో నాకేం కష్టం అనుకున్నాను.

మధ్యాహ్నం భోజనం అయ్యాక ఇనుప చట్రానికి మమ్మల్ని ఒక్కొక్కరినే పట్టీలతో వేలాడదీశారు. మాస్టారు తల మీదుగా ఫొటోలు చూపిస్తాడు. మంచి గొడుగు ఫొటో అయితే "బాగుంది" అనాలి. చెడిపోయినదైతే పిడులు లాగాలి. కుర్రాళ్లు చకచకా చేసి దిగిపోయారు. నా వంతు వచ్చింది. తాళ్లు ముడిపడి ఒక పక్క ముడుచుకుపోయిన గొడుగు ఫొటో చూపించాడు. నా రెండు చేతులూ పైకి లేచి తాళ్లు పట్టుకున్నాయి. వేళ్లు వాటంతట అవే చిక్కు తియ్యడం మొదలుపెట్టాయి.

"నేల!" అని అరిచాడు మాస్టారు. "సచ్చిపోనావమ్మా."

మళ్లీ చేశాను. మళ్లీ చచ్చాను. మూడోసారీ అంతే. నాలుగోసారి పట్టుదలగా ఎర్ర పిడి మీద చెయ్యి వేశాను గానీ లాగలేదు. తల తిప్పి మాస్టారి మొహం చూశాను.

"ఎవుడి కోసం సూస్తన్నావు?" అన్నాడు.

అప్పుడే నాకూ తెలిసింది. నేను మాట కోసం చూస్తున్నాను. వేలాడుతూనే ఆయనకు మా పడవ సంగతి చెప్పాను. నడిసముద్రంలో వల బండకు చిక్కుకుంటే మావాళ్లు చిక్కు తీస్తారు, లాగుతారు, పడవ తిప్పి మళ్లీ లాగుతారు. ఎంతసేపైనా సరే, కత్తి తియ్యరు. వల కొయ్యాలంటే పడవ పెద్ద "ఒగ్గెయ్" అనాలి, అంటే వదిలెయ్ అని. ఆ మాట ఆయన నోట రాకుండా ఎవరు కోసినా మర్నాటి నుంచి వాణ్ణి ఏ పడవా ఎక్కించుకోదు. అన్నాక మాత్రం పోయిన వల గురించి ఇంటికెళ్లినా ఎవరూ ఎత్తరు. నేను పడవ ఎక్కలేదు గానీ ఆ మాటల మధ్యే పెరిగాను.

మాస్టారు నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "అక్కడ మీ తాత లేడమ్మా. నానూ ఉండను. చెవిలో రేడియో ఉంటాది గానీ దాన్ని నమ్ముకోకు. నీ మాట నువ్వే అనుకోవాల" అన్నాడు. నా పట్టీలు విప్పుతూ, "రేపు ఏడింటికి ఒక్కసారి సూస్తాను. అప్పుడు కూడా నా మొహం సూసినావంటే విమానం ఎక్కించను" అన్నాడు.

బస పక్క ఊరి కళ్యాణ మండపంలో. మడత మంచాలు, అన్నం, పప్పు, వంకాయ కూర. తిండికి లోటు లేదు గానీ నాకు ముద్ద దిగలేదు. ఇరవై రెండేళ్లు ఆగి వచ్చి, నా చేతులే నాకు అడ్డం పడుతున్నాయంటే ఏడుపు వచ్చింది. ఏడ్చాను కూడా. ఎదుటి మంచం మీద అమ్మాయి చూడనట్టు ఫోన్ చూసుకుంది.

మంచం మీద పడుకుని ఎర్ర పిడి, వెండి పిడి అని గాల్లో చేతులు ఆడిస్తుంటే భావనపాడు గుర్తొచ్చి ఆగలేదు. బడి నుంచి రాగానే సరుగుడు చెట్ల నీడలో తాత ముందు కూర్చునేదాన్ని. ఒక పక్క మా సింహాద్రి మావ, తాతకు ఒక్కడే కొడుకు. మధ్యలో కుప్పగా తడి వల. నాచు వాసన, ఎండిన పీతల కాళ్లు, అక్కడక్కడ వదిలేసిన చిన్న చేప. "ఆత్రపడితే ముడి బిగుస్తాదే గుంటా. దాంతో మాటాడుతున్నట్టు ఉండాల" అనేవాడు తాత. ఎంత బిగిసిన ముడినైనా వేలి గోటితో మెల్లగా వదులు చేసి విప్పేదాన్ని. మావకంటే నేనే బాగా తీస్తానని ఆయన ఊరంతా చెప్పుకున్నాడు. బడిలో ఏ పతకం వచ్చినా నాకు అంత ఆనందం లేదు. ఆ మధ్యాహ్నాల కోసం ఇప్పటికీ ప్రాణం కొట్టుకుంటుంది. అలాంటి చేతుల్ని ఇప్పుడు తప్పు చేసినట్టు కట్టిపెట్టడం నాకు నచ్చలేదు.

శనివారం ఏడింటికి చట్రం ఎక్కాను. మాస్టారు మొహం చూడకూడదని ముందే ఎదురుగా ఉన్న జీడిచెట్టు మీద చూపు నిలిపాను. ఫొటో చూపించాడు. చేతులు పైకి లేవబోయాయి. ఎర్ర పిడి చూశాను, పట్టుకున్నాను, వెండి పిడి చూశాను, పట్టుకున్నాను, రెండూ వరసగా లాగాను. వరసగా మూడుసార్లు అలాగే చేశాక ఆయన "ఊఁ" అన్నాడు. ఆ "ఊఁ" నాకు గెజిటెడ్ సంతకం కంటే ఎక్కువ.

తొమ్మిదింటికి మొదటి దూకుడు. నాలుగు వేల అడుగుల ఎత్తులో తలుపు తీసినప్పుడు గాలి చెంపదెబ్బ కొట్టినట్టు తగిలింది. మాస్టారు భుజం తట్టాడు, నేను వదిలాను. ఠక్కున ఎవరో మెడపట్టి ఆపినట్టు అయింది. తల ఎత్తి చూస్తే నీలం, నారింజ చారలతో చదరంగా గొడుగు. ఆ తర్వాతి నాలుగు నిమిషాలు నాకు మాటల్లో రావు. కింద చంపావతి ఏరు, తెల్లటి ఇసుక, పచ్చటి మినప చేలు, ఒక పక్క ఎర్రటి మట్టి దిబ్బలు. దూరాన తూర్పున గీత గీసినట్టు సముద్రం. ఆ గీత వెంట పైకి పోతే భావనపాడు ఉంటుందని తెలిసి గట్టిగా "తాతా!" అని అరిచాను. దిగాక మాస్టారు, "రేడియో నీ చెవిలో ఉంటాది గానీ నువ్వు అరిసింది కిందోళ్లకీ ఇనబడినాదంట" అన్నాడు.

అక్కడితో ఆగి ఇంటికి వచ్చేసి ఉంటే ఇది రాసేదాన్ని కాదు.

ఆదివారం ఏడున్నరకి రెండోసారి వదిలాను. గొడుగు తెరుచుకుంది. తల ఎత్తాను. ఉంది, కానీ చదరంగా లేదు. కుడి పక్క సగం ముడుచుకుపోయి, తాళ్లు ఒక చోట గుత్తిలా బిగిసి ఉన్నాయి. నేను కుడికి గిరగిరా తిరగడం మొదలుపెట్టాను. నేర్పినట్టు తిప్పే తాళ్లు రెండూ కిందికంటా లాగి వదిలాను. కదల్లేదు. మళ్లీ లాగి వదిలాను. ముడి అలాగే ఉంది. రేడియోలో గరగర తప్ప మాట తెలియలేదు.

నిజం చెప్పాలి. ఆ క్షణం నాకు భయం వెయ్యలేదు. ఆ ముడి నాకు తెలుసు. ఏ తాడు దేని మీదకు ఎక్కిందో కూడా కింది నుంచే తెలిసిపోయింది. ఒక పోగు వెనక్కి నొక్కితే చాలు, ఊడిపోతుంది. చేతులు పైకి వెళ్లాయి. అందని ఎత్తులో ఉన్న ముడి కోసం అందిన తాళ్లను పట్టుకుని గుంజాను. ఇంకొంచెం, ఇంకొంచెం అనుకున్నాను. మణికట్టు కళ్ల ముందుకు వచ్చినప్పుడు చూస్తే మూడు వేలు. ఇంకో చుట్టు తిరిగేసరికి రెండు వేల ఏడు వందలు.

కుడి చెయ్యి ఎర్ర పిడి మీదకు వచ్చింది. అప్పుడు కూడా, సిగ్గు విడిచి చెబుతున్నాను, చుట్టూ చూశాను. ఆకాశంలో ఎవరుంటారు? నేనొక్కదాన్నే. ఈ పడవకు నేనే పెద్దని అప్పుడు తెలిసింది. "తాతా, ఒగ్గేస్తన్నాను" అని గట్టిగానే అన్నాను. ఎర్రది లాగాను. వెండిది లాగాను.

పడవ అడుగు ఊడినట్టు కిందికి జారాను. ఒక గుటక వేసేంత సేపు. తర్వాత గుంజుకుని ఆగింది. పైన తెల్లటి గొడుగు, చదరంగా, చప్పుడు లేకుండా. నీలం నారింజ గొడుగు మాత్రం పక్కన మెలికలు తిరుగుతూ ఒంటరిగా పడిపోతోంది. బతికి బయటపడ్డ మనిషికి రావాల్సిన ఆలోచన కాదు గానీ, దాన్ని చూసి నాకు దుఃఖం ముంచుకొచ్చింది. చిక్కు తియ్యకుండా నేను వదిలేసిన మొదటి ముడి అది.

రన్‌వే దాకా రాలేక మినప చేలో దిగాను. కలుపు తీస్తున్న ఒకావిడ కొడవలితో పరుగెత్తుకొచ్చింది. "ఓలమ్మా! ఏటైనాది తల్లీ? దెబ్బ తగిలినాదా?" అని నా ఒళ్లంతా తడిమింది. ఏం లేదని తెలిశాక చుట్టూ చూసి, "సేనంతా తొక్కీసినావు" అని తిట్టి, ఆ వెంటనే చెంబుతో నీళ్లు ఇచ్చింది.

తెగిన గొడుగు జీడితోటలో దొరికింది. కొమ్మలకు తగులుకుని తాళ్లన్నీ కలగాపులగం. మాస్టారు మనుషుల్ని పంపుతానన్నాడు. "ఇది నా పని" అని నేనే కూర్చున్నాను. రెండు గంటలు పట్టింది. ఒక్క తాడు తెగలేదు, జీడిపూత కూడా పెద్దగా రాలలేదు. వింత ఏమిటంటే, పైన రాయిలా బిగిసి కనిపించిన ఆ ముడి ఎక్కడా లేదు. ఎంత వెతికినా కనిపించలేదు.

"నీ బరువు లాగుడు పోతే అదీ పోద్దమ్మా. దాన్ని పైన నువ్వు తియ్యలేవు" అన్నాడు మాస్టారు. "కాస్త ఆలస్యం సేసినావు గానీ, సేసినావు."

గొడుగు దూకుళ్లలో ఒక ఆచారం ఉందట. రెండో గొడుగు మడిచిన మనిషికి, దాని వల్ల బతికినవాళ్లు ఏదో ఒకటి ఇచ్చుకోవాలి. ఆ పని చేసే అప్పలనాయుడు గారికి మిఠాయి పొట్లం ఇచ్చాను. ఆయన మొహమాటపడి, "నాను మడిసినవి ఎవుళూ ఇప్పకపోతేనే నాకు ఆనందం అమ్మా. ఇప్పినోళ్లు ఇలగొచ్చి నిలబడితే ఇంకా ఆనందం" అన్నాడు. ఆయన చేతులకు దణ్ణం పెట్టాను.

మధ్యాహ్నం ఒంటిగంటన్నర ప్రాంతంలో విజయనగరంలో పలాస వెళ్లే బండి ఎక్కాను. ఇంటికి వెళ్లాలంటే ఆమదాలవలసలో దిగాలి. కానీ నౌపడాకి టికెట్టు తీసుకున్నాను. కిటికీ పక్కన కూర్చున్నాక ఒళ్లు వణకడం మొదలైంది, ఈసారి చలి అనడానికి లేదు, ఎండ మాడిపోతోంది. ఎదుట కూర్చున్న ఆయన వేరుశనక్కాయల పొట్లం నా వైపు జరిపి, "జొరమా అమ్మా?" అన్నాడు. "కాదండీ, బతికున్నాను" అన్నాను. ఆయన పొట్లం వెనక్కి తీసుకుని కాస్త దూరం జరిగాడు.

నౌపడాలో దిగి ఉప్పు మడుల పక్క నుంచి ఆటోలో భావనపాడు చేరేసరికి అయిదు. సింహాద్రి మావ ఒడ్డున పడవకు ఆనుకుని వల బాగు చేస్తున్నాడు. ఇప్పుడు ఆ పడవకు ఆయనే పెద్ద. ఆయనతో సముద్రంలోకి వెళ్లే ఎర్రయ్య, దానయ్య కూడా అక్కడే ఉన్నారు. నేను చెప్పులు విప్పి ఇసుకలో కూర్చుని, అబద్ధం చెప్పి బయల్దేరిన దగ్గర్నుంచి మినప చేను దాకా అంతా చెప్పేశాను. తిడతాడనుకున్నాను.

"ఆ గుడ్డ దొరికినాదా?" అన్నాడు.

"దొరికింది మావా. చిక్కంతా తీసిచ్చాను."

"తెగకుండా?"

"తెగకుండా."

తల ఊపాడు. తర్వాత ఎడమ చెయ్యి ఎత్తి నా ముందు పెట్టాడు. దానికి చివరి రెండు వేళ్లు లేవు. నేను పుట్టక ముందే తాడు కోసుకుపోయిందని తెలుసు గానీ ఎలాగని ఎప్పుడూ అడగలేదు. ఇంట్లో ఆ మాట ఎత్తకూడదు.

"బండకి వల పట్టీసినాది. తాడు నా సేతికి సుట్టుకున్నాది" అన్నాడు. "కుడి సేతిలో కత్తి ఉన్నాది. నాన్న అంటాడని సూసినాను. ఆయన వల్నే సూస్తన్నాడు, వస్తాది వస్తాది అంటన్నాడు. నా సెయ్యి ఆయనకి కనబడనేదు. ఒగ్గెయ్ అన్న మాట ఒచ్చేసరికి ఏళ్లు పోనాయి." వాటి చోట బొటనవేలితో రాసుకున్నాడు. "నాన్నని ఏటీ అనకు. తప్పు ఆయనది కాదు. కత్తి నా సేతిలోనే ఉన్నాది."

ఆయన మోకాలు పట్టుకుని కూర్చున్నాను. ఆకాశంలో ఆ గడియారం చూపించిన అంకెలు గుర్తొచ్చాయి. ఇంకో చుట్టు ఆగి ఉంటే ఈ మనిషి ఎదుట కూర్చునేదాన్ని కాదు.

కాసేపటికి మావ వల పక్కన పెట్టి, మగవాళ్లిద్దరి వైపు తిరిగాడు. "ఒరే, ఇనండి. రేపటి నుంచి మన పడవలో తాడు ఎవుడి సేతికి పడితే ఆడిదే మాట. నాకోసం సూడొద్దు."

వాళ్లిద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. ఎర్రయ్య బెదురుగా, "మరి వల పోతే?" అన్నాడు.

"పోతే పోద్దిరా" అన్నాడు మావ. "మళ్లీ అల్లుకుందాం."